గాజు తలుపు మీద తెల్ల గార

ఈ పూట మనం మాట్లాడుకునేది చిన్న విషయం. స్నానాలగదిలో షవరు చుట్టూ బిగించుకునే గాజు తలుపు గురించి. ఒకప్పుడు ఇది పెద్ద హోటళ్ళ సొగసు. ఇప్పుడు చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు పొడుగునా, వేళచ్చేరిలో, పోరూరులో, పెరంబూరులో లేచిన కొత్త అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది. తడి అవతల, పొడి ఇవతల. నేల జారదు, తువ్వాలు తడవదు, గది విశాలంగా కనిపిస్తుంది. ఆలోచన మంచిదే.

గృహప్రవేశం రోజున అక్కడ తలుపు ఉందో లేదో తెలియనంత తేటగా ఉంటుంది ఆ గాజు. ఆరు నెలలు గడిచేసరికి చుక్కలు చుక్కలుగా తెల్లబడుతుంది. ఏడాదికి ఆ చుక్కలు కలిసిపోయి పొర కడతాయి. ఆదివారం వస్తే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు సబ్బుపొడీ పీచూ పట్టుకుని దాంతో కుస్తీకి దిగుతారు. తడిగా ఉన్నంతసేపు గాజు మెరుస్తుంది. ఆరగానే ఆ తెలుపు మళ్ళీ అక్కడే ఉంటుంది. పక్కింటివాళ్ళు యాసిడ్ పొయ్యమంటారు, సెల్‌ఫోన్లో వీడియోలు వంటసోడా చల్లమంటాయి, దుకాణంవాడు వంద రూపాయల సీసా ఒకటి చేతిలో పెడతాడు.

ఈ గొడవంతటికీ మూలం ఒకటే. ఆ తెలుపును మనం మురికి అనుకుంటాం. నిజానికి అది మన ఇంటి నీళ్ళు ఆరిపోతూ వదిలిపెట్టిన రాయి. మురికైతే నీళ్ళు పోసి కడిగితే పోతుంది. దీన్ని అవే నీళ్ళతో కడిగేకొద్దీ ఇంకో పొర వేసుకుంటుంది. కాబట్టి గాజు తలుపు బాగోగులు చూడాలంటే ముందు గాజును కాదు, కుళాయిని పరిశీలించాలి.

చెన్నైలో కుళాయి తిప్పితే వచ్చేవి ఏ నీళ్ళో చెప్పడం అంత తేలిక కాదు. పుళల్, చెంబరంబాక్కం, పూండి చెరువుల నీళ్ళు ఉన్నాయి. కడలూరు వైపు నుంచి 2004 నుంచీ గొట్టాల్లో వస్తున్న వీరాణం చెరువు నీళ్ళు ఉన్నాయి. ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్ళూ ఉన్నాయి: మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో ఆ కర్మాగారాలు మొదలయ్యాయి, నెమ్మేలిలోనే 2024లో ఇంకొకటి పనిలోకి వచ్చింది. వీటన్నిటితో పాటు మన కృష్ణమ్మ కూడా ఉంది. 1983లో ఇటు ఎం.జి. రామచంద్రన్, అటు ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రులుగా ఉన్న రోజుల్లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం దగ్గర మళ్ళిన నీరు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి, అక్కణ్ణించి సరిహద్దుదాకా 152 కిలోమీటర్ల కాలువలో నడిచి, 1996లో మొదటిసారి పూండి చేరింది. ఆంధ్రదేశం నుంచి ఈ ఊరికొచ్చి స్థిరపడ్డ మనలో చాలామందికన్నా ఆ నీళ్ళే ఎక్కువ కష్టపడి వచ్చాయి.

ఇవన్నీ నగర నీటి సరఫరా సంస్థ మెట్రో వాటర్ వారి నీళ్ళు. వీటిలో సున్నం సాధారణంగా తక్కువే. చిక్కంతా ఇవి చాలనప్పుడు వస్తుంది. అప్పుడు అపార్ట్‌మెంటు సంపులోకి బోరు నీళ్ళు దిగుతాయి, అవీ చాలకపోతే లారీ నీళ్ళు. లారీవాడు నింపుకునేది కూడా ఊరి శివార్లలోని ఏదో బావిలోనో, బోరులోనో. భూమిలో నెమ్మదిగా ఇంకుతూ మట్టినీ రాళ్ళనూ ఒరుసుకుంటూ పోయే నీరు దారిలో కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించుకుంటుంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇంకో బాధ. మంచినీటిని ఎక్కువగా తోడేస్తే ఆ ఖాళీలోకి ఉప్పునీరు చొచ్చుకొస్తుంది. ఉత్తరాన మీంజూరు వైపు బావుల్లో ఈ సంగతిని 1960ల చివర్లోనే గమనించారు.

2019 వేసవి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్న ఏడాది అది. అలాంటి కాలంలో బోరు నీళ్ళూ లారీ నీళ్ళే దిక్కు కాబట్టి బిందెలూ బకెట్లూ, గీజరు లోపలి కాయిలూ, షవరు చిల్లులూ అన్నీ గార పడతాయి. గాజు పారదర్శకం కాబట్టి దాని మీద పడ్డది ముందుగా కంటికి ఆనుతుంది, అంతే తేడా. ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడి, ఇంకుడు గుంతలు పనిచేసిన ఇళ్ళలో జనవరి నాటికి బోరు నీళ్ళు కాస్త తేలికపడతాయి. మే నెల వచ్చేసరికి మళ్ళీ బరువెక్కుతాయి. మీ ఇంటి గాజు ఏ నెలలో తొందరగా తెల్లబడుతోందో గమనిస్తే సంపులోకి ఏ నీళ్ళు దిగుతున్నాయో చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. నీటి కాఠిన్యాన్ని, అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియంల మోతాదును, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని కొలుస్తారు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టుకున్న మేలైన హద్దు 200. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చంటుంది. మధ్యస్థంగా 300 అనుకుందాం. ఒక్క స్నానానికి గాజు మీద 100 మిల్లీలీటర్లు, అంటే అరగ్లాసు నీళ్ళు నిలిచిపోయి ఆరాయనుకుందాం. అవి వదిలేది 30 మిల్లీగ్రాములు. నలుగురున్న ఇల్లు, రోజుకు నాలుగు స్నానాలు, 120 మిల్లీగ్రాములు. ఏడాదికి దాదాపు 44 గ్రాములు. బంగారం కొలతలో చెప్పాలంటే సుమారు నాలుగు తులాల సున్నపురాయిని ఏటా మనం ఆ తలుపుకు తొడుగుతున్నామన్నమాట.

ఆ నీరు రాయిగా ఎలా మారుతుంది? కాల్షియం నీళ్ళలో బైకార్బొనేట్ రూపంలో కరిగి ఉంటుంది. చుక్క ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది, కాల్షియం కార్బొనేట్ మిగిలిపోతుంది. సున్నపురాయిలో ఉన్నదీ, పాలరాతిలో ఉన్నదీ ఇదే పదార్థం.

దీనికి సబ్బు తోడవుతుంది. మనం ఒంటికి రుద్దుకునే సబ్బు బిళ్ళ కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. సున్నపు నీళ్ళలో పడగానే సోడియం స్థానంలోకి కాల్షియం వచ్చి కూర్చుంటుంది. అప్పుడు తయారయ్యేది నీళ్ళలో కరగదు. నురుగు రాకుండా తెల్లగా, జిగటగా విరిగిపోయేది అదే. పోయి గాజుకు అతుక్కుంటుంది. ద్రవరూపంలో దొరికే బాడీ వాష్‌లలో చాలావాటిలో ఉండేవి వేరే రకం రసాయనాలు, అవి ఇలా విరగవు. మన కుంకుడుకాయ, శీకాయల నురుగు కూడా విరగదు. వాటిలో ఉండే సాపోనిన్లకు కాల్షియంతో పేచీ లేదు, అందుకే ఉప్పునీళ్ళ ఊళ్ళలో కూడా కుంకుడు రసం చక్కగా నురుగిస్తుంది. దాని పిప్పి మాత్రం గాజు మీద గోధుమ రంగు చారలు పెడుతుంది, వెంటనే కడిగేయాలి.

మీ ఇంటి నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 1841 ప్రాంతంలో స్కాట్లండులోని అబర్డీన్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ నీటి కాఠిన్యాన్ని సబ్బుతోనే కొలిచేవాడు. మనం ఇంట్లో ఇలా చేయవచ్చు. ఒకే రకం సీసాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని సగందాకా కుళాయి నీళ్ళతో, రెండోదాన్ని అంతే వాన నీళ్ళతోనో, ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళతోనో నింపండి. రెండింటిలోనూ ఒంటి సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి, మూతబెట్టి బాగా గిలకొట్టండి. రెండోదానిలో నురుగు నిలబడుతుంది. మొదటిదానిలో నురుగు తక్కువై, నీళ్ళు పాలలా అయితే మీ గాజు ఎందుకు తెల్లబడుతోందో ఇక అడగనక్కర్లేదు. ఇంట్లో ఉండే టీడీఎస్ మీటరు ఈ పని చేయదు. అది అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది, వాటిలో సున్నం పాలెంతో చెప్పదు.

ఇక పట్టిన గారను వదిలించే పద్ధతి. పళ్ళకు గార పట్టాక బ్రష్షుతో ఎంత తోమినా పోదు కదా, ఇదీ అంతే. రుద్దుడు కాదు, కరిగించడం కావాలి. సున్నాన్ని కరిగించేది పులుపు.

మొదటి మెట్టు జిడ్డు తీయడం. శనివారం తలంటు పోసుకునే ఇళ్ళలో నువ్వులనూనె తుంపరలు గాజుకు అంటుకుంటాయి. ఆ నూనె పొర మీద పులుపు పోస్తే అడుగునున్న సున్నాన్ని అది చేరనే చేరదు. చాలామంది వెనిగర్ పనిచేయలేదని చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, మెత్తటి స్పాంజితో గాజంతా తుడిచి కడిగేయండి.

రెండో మెట్టు పులుపు. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌కు అంతే నీళ్ళు కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. లేదా నిమ్మ ఉప్పు రెండు పెద్ద చెంచాలు లీటరు గోరువెచ్చని నీళ్ళలో కరిగించండి. నిమ్మ ఉప్పుకు ఘాటైన వాసన ఉండదు, ధర కూడా తక్కువ. గాజు నిలువుగా ఉంటుంది కాబట్టి చల్లింది చల్లినట్టే కిందికి జారిపోతుంది. అందుకని పాత నూలుగుడ్డనో టిష్యూ కాగితాన్నో ఆ ద్రవంలో ముంచి గాజుకు అతికించండి. పావుగంటో ఇరవై నిమిషాలో అలాగే ఉండనివ్వండి. పని చేసేది మన చెయ్యి కాదు, ఆ ఇరవై నిమిషాలు. తరవాత స్పాంజితో మెల్లగా తుడిస్తే పొర ఊడి వస్తుంది. పాతకాలపు గారైతే ఒక్కసారికి లొంగదు, వారం విడిచి మళ్ళీ చేయాలి.

మూడో మెట్టు మళ్ళీ గిన్నెల లిక్విడ్, ఈసారి తేలిగ్గా. విరిగిన సబ్బు మీద పులుపు పడితే అందులోని కొవ్వు విడివడి గాజు మీదే మిగులుతుంది, దాన్ని ఇది తీసుకుపోతుంది.

నాలుగోది కడగడం. చాలా ఇళ్ళలో పని చెడేది ఇక్కడే. ఇంతా చేసి బకెట్టెడు బోరు నీళ్ళు కుమ్మరిస్తాం. ఆర్ఓ ఫిల్టరు వదిలే వృథా నీళ్ళను పొదుపుగా పట్టుకుని దానికే వాడేవాళ్ళు కూడా ఉన్నారు. పొదుపు మెచ్చుకోదగ్గదే, కానీ ఆ నీళ్ళలో లవణాలు కుళాయి నీళ్ళకన్నా ఎక్కువ. వాటిని నేల కడగడానికి ఉంచండి. గాజుకు చివరి చేతిగా ఏసీ నీళ్ళు వాడి చూడండి. గాలిలోని తేమ చల్లబడి కారే నీళ్ళు కాబట్టి వాటిలో సున్నం దాదాపు ఉండదు. చెన్నై ఉక్కబోతలో రాత్రంతా ఏసీ నడిస్తే బయటి గొట్టం కింద పెట్టిన బకెట్టు తెల్లారేసరికి నిండుతుంది. మనల్ని ఏడాది పొడుగునా వేధించే ఆ తేమను ఇలాగైనా వాడుకోవచ్చు. వాటిని తాగకండి, మొక్కలకు పోయండి, గాజు కడగండి.

చేయకూడని పనులు కూడా చెప్పాలి. వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది, చూడ్డానికి గొప్పగా ఉంటుంది. ఆ పొంగులో పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సున్నాన్ని కరిగించడానికి మిగిలేది దాదాపు ఏమీ లేదు. చింతపండు ఇత్తడికి మంచిదే గాని గాజుకు పనికిరాదు. దానిలోని టార్టారిక్ ఆమ్లం కాల్షియంతో కలిస్తే తేలిగ్గా కరగని ఇంకో లవణం తయారవుతుంది. ఇనుప పీచు, పచ్చరంగు స్క్రబ్బరు గాజును గీస్తాయి. ఆ గీతల్లో గార ఇంకా గట్టిగా కూర్చుంటుంది. అద్దాలు తుడిచే నీలిరంగు స్ప్రే వేలిముద్రలకు బాగుంటుంది, సున్నం మీద దానికి పట్టు లేదు.

పులుపు వాడేటప్పుడు పక్కనున్న రాయి మీద కన్నేసి ఉంచండి. పాలరాయి, తాండూరు బండ, షెల్ఫులకు వేసే కడప నల్లరాయి, ఇవన్నీ సున్నపురాయి జాతివే. గాజు మీది తెలుపును కరిగించే వెనిగర్‌కు వాటికీ దీనికీ తేడా తెలియదు. కడప రాతి మీద పడితే నునుపు పోయి బూడిద మచ్చ మిగులుతుంది. గ్రానైటుకు ఆ భయం తక్కువ.

యాసిడ్ సంగతి వేరే చెప్పాలి. బాత్‌రూము యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గారను నిమిషంలో కరిగిస్తుంది, నిజమే. దాంతోపాటు తలుపు కీళ్ళ మీది క్రోమ్ పూతనూ, స్టీలునూ, టైళ్ళ మధ్య సిమెంటునూ తింటుంది. ఆ పొగ పీల్చేది ఎవరు? చాలా ఇళ్ళలో తలుపేసుకుని ఆ పని చేసేది ఇంటికి పనికొచ్చే ఆవిడ. చేతికి గ్లౌజులు లేకుండా, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వేసుకోకుండా చేస్తుంది. అదే గదిలో ముందురోజు బ్లీచింగ్ పౌడరు చల్లి ఉంటే ప్రమాదం రెట్టింపవుతుంది. బ్లీచింగ్ మీద ఏ ఆమ్లం పడ్డా, వెనిగర్ పడ్డా సరే, క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. యాసిడ్ చిల్లర అమ్మకాలకు సుప్రీంకోర్టు 2013లో కళ్ళెం వేసింది, కొన్నవాళ్ళ వివరాలు రాసుకోవాలంది. అయినా మంచినీళ్ళ సీసాలో యాసిడ్ పోసి మూలన పెట్టే అలవాటు ఇంకా పోలేదు. గాజు తలుపు కోసం ఇంట్లో యాసిడ్ ఉండనక్కర్లేదు.

ఇప్పుడు గాజు గురించి రెండు మాటలు. చెన్నైకి దగ్గర్లో శ్రీపెరుంబుదూరులో 2000 సంవత్సరం నుంచీ ఫ్లోట్ గాజు తయారవుతోంది. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలియాడిస్తే రెండు వైపులా నున్నగా పరుచుకుంటుంది. ఈ పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ 1959లో లోకానికి ప్రకటించింది. షవరు తలుపుకు వాడే పలకను ఆపైన 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి, గాలి ధారలతో గబాలున చల్లారుస్తారు. పైపొర బిగుసుకుపోయి, మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్ల బలం వస్తుంది. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న గుళ్ళుగా రాలుతుంది. దీన్నే టఫెన్డ్ గాజు అంటారు. పలక మూలలో ఆ ముద్ర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే బిగించినవారిని నిలదీయండి.

ఆ పలకకు బలమంతా ముఖంలో, బలహీనత అంచులో. తలుపు కిందికి వాలి మూల టైలుకు తగులుతుంటే, కీలు మరలు వదులై కిర్రుమంటుంటే అశ్రద్ధ చేయకండి. అంచుకు తగిలే చిన్న దెబ్బకు పలకంతా ఒక్కసారిగా రాలిపోవచ్చు. నెలకోసారి మరలు చూడటం, గాజుకూ లోహానికీ మధ్య రబ్బరు మెత్తలు ఉన్నాయో లేదో చూడటం, తెలుపు వదిలించడం కన్నా ముఖ్యమైన పని.

గాజు రాయిలా కనిపించినా నీళ్ళకు పూర్తిగా అతీతం కాదు. తడి ఎప్పుడూ నిలిచి ఉంటే నీరు గాజులోని సోడియాన్ని కొద్దికొద్దిగా లాగేస్తుంది. అలా ఊరిన క్షారం పైపొరనే కొరుకుతుంది. బోరు నీళ్ళలో కరిగి ఉండే సిలికా కూడా పేరుకుంటుంది, దాన్ని వెనిగర్ ఏమీ చేయలేదు. పులుపు రెండు మూడుసార్లు పెట్టినా పోని మబ్బు ఉందంటే అది ఆ సిలికా పొరైనా కావాలి, గాజు పైపొరే దెబ్బతిన్నదైనా కావాలి. సీరియం ఆక్సైడ్ అనే మెత్తటి పొడితో పాలిష్ పట్టించి కొంత తగ్గించవచ్చు. ఆ పని తెలిసినవారికి అప్పగించడం మేలు. గారను ఏళ్ళ తరబడి వదిలేయకూడదనేది అందుకే.

అంచుల్లో ఉండే ప్లాస్టిక్ పట్టీలు, మూలల్లో సిలికాన్ పూత, ఇవి బూజుకు పుట్టిళ్ళు. చెన్నై తేమలో నల్లబడటానికి వాటికి ఎక్కువ కాలం పట్టదు. పట్టీలు లాగితే ఊడి వస్తాయి. సబ్బు నీళ్ళలో నానబెట్టి పాత పళ్ళ బ్రష్షుతో తోమి, ఆరబెట్టి మళ్ళీ తొడగండి. పసుపుపచ్చబడి గట్టిపడితే కొత్తవి వేయించుకోండి, పెద్ద ఖర్చు కాదు. స్నానమయ్యాక గాజు తలుపు మూసి పెట్టకుండా బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను కాసేపు తిరగనిస్తే బూజు గొడవ సగం తగ్గుతుంది. సముద్రపు గాలి తగిలే బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి చోట్ల స్టీలు కీళ్ళను కూడా మంచినీళ్ళ గుడ్డతో తుడిచి పొడిచేయాలి. ఉప్పుగాలికి స్టీలు కూడా పుళ్ళు పడుతుంది.

పూతల గురించి, యంత్రాల గురించి చాలామంది అడుగుతారు. తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనకు తెలుసు. ఆ ఆకు మీది అతి సన్నని మైనపు గరుకే దానికి కారణమని జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్‌హెల్మ్ బార్త్‌లాట్ సూక్ష్మదర్శినితో చూపించాడు. గాజుకు పూసే నీటిని తోసే పూతలు దారి వేరైనా చేసేది అదే పని, నీళ్ళను ఉండలు కట్టించి జార్చేస్తాయి. కొత్త గాజు మీద బాగా పనిచేస్తాయి, కానీ అరిగిపోతాయి, మళ్ళీ వేయించుకోవాలి. గార మీద పూత వేస్తే గార భద్రంగా ఉంటుంది, అంతే. ఇంటికంతటికీ నీళ్ళ సాఫ్టెనర్ పెట్టించుకుంటే అది కాల్షియం తీసి సోడియం ఇస్తుంది. చుక్కలు పూర్తిగా మాయం కావు గాని గుడ్డతో తుడిస్తే పోతాయి. దానికి ఎప్పటికప్పుడు ఉప్పు వేస్తుండాలి, ఆ బాధ్యత అసోసియేషన్ తీసుకుంటే మంచిది. గొట్టానికి అయస్కాంతం తగిలిస్తే గార పోతుందనే మాటకు నమ్మదగ్గ రుజువు లేదు.

వీటన్నిటికన్నా చవకైన పరికరం ఒకటుంది. చేతిలో పట్టే చిన్న రబ్బరు వైపర్. అమెరికాలోని ఓక్లండులో కిటికీ అద్దాలు తుడుచుకుని బతికిన ఇటలీ వలసదారు ఎట్టోరె స్టెక్కోనె 1936లో తేలికైన ఇత్తడి పిడితో రబ్బరు అంచున్న వైపర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు వాడిన పరికరాలు బరువుగా, చేతికి లొంగకుండా ఉండేవి. ఇవాళ మన కొట్లలో వేలాడే వైపర్లది కూడా అదే సూత్రం. స్నానమయ్యాక పైనుంచి కిందికి నాలుగు లాగుళ్ళు లాగితే నీళ్ళలో ఎక్కువ భాగం నేల మీదికి వచ్చేస్తుంది. ఇందాకటి లెక్కలో అరగ్లాసు నీళ్ళు నిలిస్తేనే కదా నాలుగు తులాల రాయి. నీళ్ళే నిలవకపోతే రాయి ఎక్కణ్ణించి వస్తుంది? మిగిలిన తడిని పొడిగుడ్డతో అంచుల్లో ఒత్తేస్తే చాలు. అంతా కలిపి ఒక నిమిషం పని.

ఆ నిమిషం ఎవరిది అనేదే ఇంట్లో అసలు పేచీ. ఉదయం వరసగా స్నానాలు చేసే ఇంట్లో గాజు ఆరేలోపు ఇంకొకరు వస్తుంటారు, కాబట్టి చివర చేసినవాళ్ళు లాగితే సరిపోతుంది. ఈ నియమం పెట్టి చూడండి. మర్నాటి నుంచి చివరివాళ్ళు కాకూడదని అందరూ తొందరగా లేస్తారు, స్కూలు వ్యాను కూడా తప్పిపోదు. ఒక్క షరతు, ఆఖరికి ఈ వైపర్ కూడా అమ్మ చేతికే రాకూడదు.

ఇంకా గాజు తలుపు పెట్టించుకోనివాళ్ళకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఫ్లాటు కొనేటప్పుడు గాజు ఎంత మందం, కీలు ఏ కంపెనీ అని అడుగుతాం. దానికన్నా ముందు సంపులోకి ఏ నీళ్ళు వస్తాయో, ఏడాదిలో ఎన్ని నెలలు బోరు మీద ఆధారపడతారో అక్కడ ఉంటున్నవాళ్ళను అడగండి. సీసాడు నీళ్ళు తెచ్చుకుని సబ్బు తురుము వేసి చూసుకోండి. నీళ్ళు మెత్తనివైతే నిశ్చింతగా గాజు పెట్టించుకోండి. నీళ్ళు గట్టివై, ఇంట్లో వైపర్ పట్టేవాళ్ళు ఎవరూ లేరని ముందే తెలిస్తే, నడుమెత్తు గోడ కట్టించి పైన ఒక ప్లాస్టిక్ తెర వేలాడదీయండి. అది కూడా తడిని ఆపుతుంది, ఆదివారాలు మిగులుస్తుంది, మాసిపోతే మార్చేస్తారు. ఇల్లు మన అలవాట్లకు తగినట్టు ఉండాలి గాని, బిల్డరు బొమ్మల పుస్తకంలో ఉన్నట్టు ఉండనక్కర్లేదు.